అత్తయ్య వేసిన ముడులు

నాకు ముడి కనిపిస్తే ఒళ్ళు మంట. సంచికి ముడి, తాడుకి ముడి, బూటు లేసుకి ముడి, ఏదైనా సరే, దాన్ని విప్పి సాపు చేసేదాకా తిండి సయించదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం నాది. ఇరవై రెండేళ్ళుగా ఏ ఉత్తరం ఏ గూట్లోకి వెళ్ళాలో చూడటం, అందులో పడేయడం, ఇదే పని. ఆ జబ్బు ఇంటిదాకా వచ్చేసింది. "మా ఆవిడ చీమల్ని కూడా ఎత్తు ప్రకారం నిలబెడుతుంది" అని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటారు. చెప్పుకోనీండి. ఆయనకి పొద్దున్నే సాక్సులు జతగా దొరుకుతున్నాయంటే అది ఎవరి చలవో ఆయనకీ తెలుసు.

ఈ సర్దుడు పిచ్చితోనే మా మామయ్యకి ఒక అన్యాయం చేశాను. దానికి ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే, నేనూ రెండు అనేసి, ఈపాటికి మర్చిపోయేదాన్ని. అనలేదు కాబట్టే ఇది నా లోపల అలాగే ఉండిపోయింది.

మామయ్య మునిసిపాలిటీ పార్కులో ముప్ఫై నాలుగేళ్ళు తోటపని చేసి రిటైరయ్యారు. వీధిలో అందరూ తోటాయన అంటారు. పొడుగు మనిషి, నడుం కాస్త వంగింది, ఎప్పుడూ జేబులో ఒక చిన్న కత్తి, చొక్కా చేతులకి అంటుకున్న ఆకుముక్కలు. మాట తక్కువ. నేను ఊపిరి తీసుకోకుండా పావుగంట మాట్లాడితే ఆయన "ఊఁ" అంటారు. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది. తర్వాత్తర్వాత ఆ ఊఁల్లో రకాలు తెలిశాయి. ఒప్పుకున్న ఊఁ ఒకటి, ఒప్పుకోని ఊఁ ఒకటి, అసలు వినని ఊఁ ఒకటి.

ఇంటి వెనక తోట ఆయనదే. అందులో కూరకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఇంత స్థలం పెట్టుకుని నాలుగు టమాటా మొక్కలైనా వేసుకోరేంటా అని ముక్కున వేలేసుకున్నాను. గోడ పక్కన రెండు దానిమ్మ చెట్లు. వాటి కాయల కంటే తొక్కలకే మర్యాద ఎక్కువ, నీడన ఎండబెట్టి డబ్బాల్లో దాచేవారు. మధ్యలో బంతి వరసలు. ఎడమవైపు నీలి మొక్కలు, పూత రాకముందే కోసి నీళ్ళలో నానబెట్టాలి, ఆ కంపుకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసేవాళ్ళు. కుడివైపు రెండు పొడుగాటి మడుల్లో మంజిష్ఠ. ఆ తీగని చూస్తే పిచ్చి మొక్క అనుకుని పీకేస్తారు ఎవరైనా. గరుకు ఆకులు, బట్టలకి పట్టుకుని వదలవు. దాని ఎరుపంతా నేలలో, వేళ్ళలో ఉంటుంది. నాటాక మూడేళ్ళు ఆగాలి. ఏటా మట్టి ఎగదోసి, కాస్త సున్నం కలిపి, తొక్కకుండా చూసుకుంటే మూడో ఏడాదికి వేళ్ళు పెన్సిలంత లావవుతాయి. ముందే తవ్వితే నీరుకావి రంగే మిగులుతుంది.

ఇదంతా అత్తయ్య కోసం. నూలుకి రంగులు వేయడం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పని. ఆయన పండించేవారు, ఆవిడ ఉడకబెట్టేది. ఊరవతల మగ్గం ఉన్న నేతాయన ఒకాయన శాలువాలు నేస్తారు, మధ్యలో ఎరుపు, అంచుకి ముదురు ఆకుపచ్చ. ఆ నూలు ముప్ఫై ఏళ్ళుగా మా పెరట్లోంచే వెళ్ళేది. మంజిష్ఠ వేళ్ళతో ఎరుపు. దానిమ్మ తొక్కలో ముంచి, ఆ తర్వాత తుప్పు మేకులు నానిన నీళ్ళలో ముంచితే ఆ ఆకుపచ్చ.

అత్తయ్యా నేనూ ఇద్దరం నోరున్నవాళ్ళమే. మా ఇద్దరి మధ్యా మామయ్య, మా ఆయనా వానలో తడిసిన పిల్లుల్లా కూర్చునేవాళ్ళు. కానీ నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి ఆవిడదే. పోయినేడు ఆవిడ మంచం పట్టింది. పడుకున్నా చేతులు ఊరుకునేవి కావు. తెల్ల నూలు కట్టలు, వాటిని చిలపలంటారు, ఒళ్ళో పెట్టుకుని, ప్రతి చిలపకీ కట్టిన దారం కొసన ఏదో ముడి వేస్తూ ఉండేది. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు. రోజుకి రెండు చిలపలు, ఓపికుంటే మూడు. "పడుకోండి అత్తయ్యా, ఎందుకొచ్చిన ముడులు" అంటే, "నీకు తెలీదులేవే, నువ్వు విప్పే జాతి, నేను వేసే జాతి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏదో కాలక్షేపం అనుకున్నాను. అరవై చిలపలయ్యాక ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ పోయిన పది నెలలకి మంజిష్ఠ మొదటి మడి మూడేళ్ళు నిండింది. మామయ్య ఒక్కరే తవ్వారు, వేళ్ళు కడిగారు, దంచారు. రెండు పెద్ద కుండలు పెట్టి వారం రోజులు నూలు ఉడకబెట్టారు. ముప్ఫై ఎరుపు, ముప్ఫై ఆకుపచ్చ. ఆరాక అన్నీ కలిపి పెరటి గదిలో బీరువాలో పెట్టారు. అలా కలిపి పెట్టడం చూసి నాకు చేతులు దురద పుట్టాయి.

ఆ ఆదివారం మామయ్య ఎవరినో చూడటానికి వెళ్ళారు. నేను బీరువా తెరిచాను. కొసలన్నీ ముడులు. చిరాకేసింది. సూది తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుని చిలపల ముడులన్నీ విప్పాను. దారాలు నీళ్ళతో తడిపి సాపు చేశాను. అన్నీ ఒకే పొడుగున మడతపెట్టి, రంగు రంగు పక్కన అందంగా ఉంటుందని ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ, ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ పేర్చాను. పేర్చి, దూరంగా నిలబడి చూసి మురిసిపోయాను.

మామయ్య రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. ఆయన ఒక చిలప తీసి, కొస వేళ్ళ మధ్య తిప్పి, మళ్ళీ పెట్టేశారు.

"చాలా కష్టపడ్డావమ్మా" అన్నారు. "బాగా సర్దావు."

నేను ఆ రోజంతా నేల మీద లేను.

నాలుగు రోజుల తర్వాత ముప్ఫై ఎర్ర చిలపలు మూటకట్టి నేతాయనకి బస్సు పార్సిల్‌లో పంపారు. వారం తిరక్కుండా మూట వెనక్కొచ్చింది. లోపల చిన్న చీటీ. "ఎరుపులో పదకొండు ఆకుపచ్చవి వచ్చాయి. వేరు చేసి పంపగలరు." మామయ్య అది చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "తోట తీసేద్దామనుకుంటున్నాను" అన్నారు.

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అదేంటి నాన్నా?"

"పార్కు నర్సరీ వాళ్ళని ఆదివారం రమ్మన్నాను. బంతి, నీలి, దానిమ్మ అంట్లు తీసుకెళ్తారు."

"మరి రెండో మంజిష్ఠ మడి?" అన్నాను. దానికి ఇంకా ఏడాది మిగిలే ఉంది. అది నాటిన రోజున అత్తయ్య కుర్చీ వేయించుకుని మడి పక్కనే కూర్చుని, ఇటు కాదు అటు, అంత లోతు కాదు ఇంత, అని ఆయన ప్రాణం తోడేసింది. ఆవిడ దగ్గరుండి నాటించిన ఆఖరి మడి అదే.

"అది కదిపితే బతకదు. తవ్వి పారేయడమే."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఒక్క మూట తారుమారైనంత మాత్రాన తోటంతా పీకేస్తారా? కళ్ళు మసకబారి ఉంటాయి, అద్దాలు మార్పించుకోండి, నేను లెక్కపెట్టి పంపిస్తాను, అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. అది ఒప్పుకోని ఊఁ.

గురువారం నాకు సగం రోజే డ్యూటీ. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మామయ్య పెరటి గది గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ముందు వెనక్కొచ్చిన మూట విప్పి ఉంది. ఒక్కో చిలపా తీస్తున్నారు, కొస వెతుకుతున్నారు, బొటనవేలితో తడుముతున్నారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ తర్వాత, నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను, దారం కొస నాలుక మీద పెట్టుకుని చప్పరించి, ఎడమవైపు పెట్టారు. ఎడమవైపు కుప్పలో ఎర్రవీ ఉన్నాయి, ఆకుపచ్చవీ ఉన్నాయి. పట్టపగలు, ఎదురుగా ఎండ.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బజార్లో టమాటాలు చూసి ఏరరు, నొక్కి ఏరతారు. రోడ్డు దాటేటప్పుడు సిగ్నల్ దీపం చూడరు, పక్కవాళ్ళ కాళ్ళు చూస్తారు. ఒక కాలికి ఎరుపు, ఒక కాలికి ఆకుపచ్చ సాక్సు వేసుకుని పెళ్ళికొచ్చేస్తే మేమంతా ముసలాయన మతిమరుపని నవ్వుకున్నాం. మంచం మీద అత్తయ్య. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు.

పక్కన కూలబడ్డాను. "మామయ్యా, ఒక ముడంటే ఎరుపా?"

ఆయన చెయ్యి ఆగింది. చిలప కింద పెట్టి, "ఊఁ. రెండైతే ఆకుపచ్చ" అన్నారు.

"నేనే విప్పాను. అన్నీ."

"తెలుసమ్మా."

"తెలిసీ బాగా సర్దావన్నారా?"

"సర్దడం బాగానే సర్దావు కదా" అన్నారు. "పొద్దుటి నుంచీ కూర్చుని చేశావు. మొహం వెలిగిపోతోంది. ఏం చెప్పమంటావు?"

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే కోప్పడ్డాను. చెప్పాలా వద్దా, ఇంట్లో మనిషిని కానా, అని. ఆయన నేను ఆగేదాకా ఆగి, జీవితంలో మొదటిసారి వరసగా పది మాటలు మాట్లాడారు. కుర్రతనంలో బస్సు డ్రైవరు ఉద్యోగానికి వెళ్ళారట. చుక్కల బొమ్మ చూపించి అందులో అంకె చెప్పమన్నారట. అందరికీ అంకె కనబడింది, ఈయనకి ఇసక పోసినట్టు చుక్కలే కనబడ్డాయి. పసుపు తెలుస్తుంది, నీలం తెలుస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పెడితే రెండూ ఒకటే మట్టి రంగు. పెళ్ళయిన వారానికే అత్తయ్య కనిపెట్టేసింది. ఎర్ర పూలు కోసుకు రమ్మంటే ఆయన ఆకుల కొమ్మ విరుచుకొచ్చారు. ఆవిడ నవ్వలేదు. మర్నాటి నుంచి ముడులు వేయడం మొదలుపెట్టింది.

"రంగు తెలియనివాడు రంగుల తోట వేశాడంటే ఎవరు పనిస్తారు? అందుకని మీ ఆయనకి కూడా చెప్పలేదు. నేను పండించిన ఎరుపు ఎలా ఉంటుందో నాకు తెలీదు. మీ అత్తయ్య చెబితే వినేవాణ్ణి."

"ఎలా ఉంటుందని చెప్పేవారు?"

"ఎండలో నడిచొచ్చి చెంప మీద చెయ్యి పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా, అనేది."

తను లేకపోయినా ఆయన పని ఆగకూడదని ఆవిడ తెల్ల నూలుకే ముందుగా ముడులు వేసి పెట్టింది. ఒక ముడివి ఈ కుండలో, రెండు ముడులవి ఆ కుండలో. ఆయనకి ఎవరినీ అడిగే అవసరం రాకూడదని. ఆ ముడులన్నీ నేను సూది పెట్టి విప్పేశాను.

"వాసనతో ఏరుదామనుకున్నాను" అన్నారు మామయ్య. "మంజిష్ఠ కాస్త తియ్యటి వాసన. తుప్పు నీళ్ళలో ముంచినది నాలుకకి ఇనుములా తగులుతుంది. ఆ వారం నాకు పడిశం పట్టింది. లేకపోతే పదకొండు తప్పులు పోయేవి కావు."

ఆ మాటకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు.

శుక్రవారం సెలవు పెట్టాను. ముప్ఫై ఎర్ర చిలపలు నా చేత్తో వేరుచేసి, మూట పట్టుకుని నేతాయన ఇంటికి వెళ్ళాను. తప్పంతా నాదని, బీరువా సర్దుతూ నేనే కలిపేశానని చెప్పాను. అబద్ధమేమీ కాదు. ఆయన మగ్గం ఆపి, మూట విప్పకుండానే, "ముడులేమయ్యాయమ్మా?" అని అడిగారు.

నేనే విప్పేశానన్నాను.

"ముప్ఫై ఏళ్ళుగా మగ్గం మీద కూర్చుంటున్నాను. ఎరుపు గుర్తుపట్టడానికి నాకు ముడెందుకు? అది ఎవరి కోసమో నాకు తెలీదా?" అన్నారు. "మిగిలిన నూలు తిప్పి పంపేటప్పుడు ముడి ఊడి ఉంటే, ఏదో గుర్తుకి నేనే వేసి పంపేవాణ్ణి. మొన్న ముడి లేకుండా మూటొచ్చింది. ఇంట్లో ఏమైందో అడగడానికి మొహం చెల్లక చీటీ రాశాను. తప్పు పట్టడానికి కాదు."

ఆ చీటీని మామయ్య ఎలా చదువుకున్నారో చెప్పాను. తోట తీసేస్తున్నారని కూడా చెప్పాను. ఆయన మగ్గం మీంచి లేచి వచ్చారు.

"అక్కయ్య ముడి నాకూ రాదమ్మా. నాది ఊరికే పైపైన వేసే ముడి, కుండలో పడితే నిలవదు. నువ్వు నేర్చుకో. ఎరుపు ఏడాది ఆలస్యమైనా, రెండేళ్ళయినా, నేను ఆగుతానని చెప్పు."

శనివారం పొద్దున్నే మామయ్య మంజిష్ఠ మడి పక్కన పార పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంకా ఒక్క పోటు కూడా వేయలేదు. నేను వెళ్ళి మడికి అడ్డంగా కూర్చున్నాను. నేతాయన మాట చెప్పాను. ఆయనకి అంతా తెలుసని కూడా చెప్పాను. మామయ్య పార మీద చేతులు ఆనించి, "ముప్ఫై ఏళ్ళూ తెలుసా" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"నర్సరీ వాళ్ళని రావద్దని చెప్పేశాను" అన్నాను. "నేనున్నాను కదా, నేను చూసి చెబుతాను."

"పొద్దున తొమ్మిదికి వెళ్ళి ఆరింటికి వస్తావు. నూలు కుండలో ఉన్నంతసేపూ నువ్వు పోస్టాఫీసులో ఉంటావు."

"చీటీలు రాసి కడతాను."

"ఉడికితే చీటీ ఉంటుందా?"

"అయితే ముడులే వేస్తాను. మీరు నేర్పండి."

ఆయన కుడిచెయ్యి చూపించారు. పార్కులో అంటు కడుతూ కత్తి దిగిన రెండు వేళ్ళు. పార పట్టుకుంటాయి, దారానికి వంగవు. "ముడి బిగిస్తే లోపల రంగెక్కదు, తెల్లగా ఉండిపోతుంది. వదులైతే ఉడికేటప్పుడు ఊడిపోతుంది. ఆ రెండింటికీ మధ్యన వేసేది మీ అత్తయ్య. నేను వేయలేను, నోటితో చెప్పనూ లేను."

అన్ని ముడులు విప్పాను. చిరాకులో ఒక్కటి కూడా ఎలా వేశారో చూడలేదు. ఆ మాటే పైకి అన్నాను.

మామయ్య చొక్కా జేబులోంచి మడత పెట్టిన చేతిరుమాలు తీశారు. అందులో జానెడు ఎర్ర దారం, కొసన ఒకే ఒక్క ముడి. మంజిష్ఠ కుండలోంచి మొదటి చిలప తీసిన రోజున ఆ కొస కత్తిరించి దాచుకున్నారట. నా సూదికి అందకుండా మిగిలింది అదొక్కటే.

"విప్పి చూడు" అన్నారు.

"నా వల్ల కాదు మామయ్యా." నిజంగానే కాలేదు. ముడి కనిపిస్తే ఊరుకోలేని దాన్ని, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నా జేబులో ఉంటే ఏం లాభం? నీ చేతికి రావాలి గానీ."

ఆయనే మడి గట్టు మీద కూర్చుని, దారం మోకాలి మీద పరిచి, వంగని వేళ్ళతో ఒక్కో మెలికా విప్పడం మొదలుపెట్టారు. "చూస్తున్నావా? ఇక్కడ రెండుసార్లు తిప్పింది. ఇక్కడ కిందనుంచి తీసింది." చాలాసేపు పట్టింది. నేను ఆయన భుజం మీదుగా వంగి, ప్రతి మెలికా మనసులో పెట్టుకున్నాను. ఆఖరి మెలిక విడిపోయి దారం సాపుగా పడుకుంది. ఇప్పుడిక ఇంట్లో అత్తయ్య వేసిన ముడి ఒక్కటీ లేదు.

మామయ్య ఆ విడిపోయిన చోటు నాకు చూపించారు.

"లోపల రంగెక్కిందా?"

దారం ఎండలోకి తీసుకుని చూశాను. మెలికలు పడ్డ చోట కూడా ఎక్కడా తెలుపు లేదు.

"ఎక్కింది మామయ్యా. ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకటే ఎరుపు."

"ఊఁ" అన్నారు. అలాంటి ఊఁ నేను అంతకు ముందు వినలేదు.

అదే దారంతో నేను మొదటి ముడి వేశాను. బిగిసిపోయింది. విప్పించారు. రెండోది జారిపోయింది. నాలుగోదో అయిదోదో వేశాక, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, "ఇదే" అన్నారు. అన్నాక, "మళ్ళీ సర్దేయకు తల్లీ" అన్నారు. ఇద్దరం నవ్వాం.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఆయన నన్ను ఒక్క మాట అనకుండా ఉన్నందుకు, జేబులో దాచుకున్నది తీసి నా చేతిలో పెట్టినందుకు, నేను ఆయనకి ఎంత రుణపడ్డానో చెప్పబోతే ఆయన వినని ఊఁ ఒకటి అంటారు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను. రెండో మడికి ఇంకా ఎనిమిది నెలలుంది. తెల్ల నూలు ఈ నెలలోనే వచ్చింది. ఆఫీసు నుంచి రాగానే రోజుకి రెండు తెల్ల చిలపలు ఒళ్ళో పెట్టుకుంటాను, ఓపికుంటే మూడు. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి.